కోనసీమలో పెద్ద అడ్వెంచర్ బండి కొనాలా? ఐదేళ్ళు తోలినవాడి సమాధానం

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెబుతాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. మీది అమలాపురం పక్కన ఊరు. వయసు 33, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ప్రస్తుతం 350 సీసీ బుల్లెట్ తోలుతున్నారు. చేతిలో పదిహేను లక్షలున్నాయి, అవసరమైతే ఇంకో నాలుగైదు లక్షలు లోను పెడతారు. ఏడాదికోసారి హిమాలయాల్లో లడఖో స్పితియో వెళ్ళాలి. మిగతా రోజుల్లో ఆఫీసుకీ, చెరువుల మీదకీ, అత్తారింటికీ అదే బండి కావాలి. "పెద్ద అడ్వెంచర్ బైక్ ఒక్కటి కొనేస్తే అన్నిటికీ సరిపోతుంది కదండీ?" అన్నారు. అడ్వెంచర్ బైక్ అంటే తారు మీదా మట్టి మీదా దూరాలు తోలడానికి చేసిన ఎత్తైన బండి.

సరిపోదండీ. అలాగని కొనొద్దని చెప్పడానికి కూడా నేను పనికిరాను. మా షెడ్డులోనే ఒకటుంది, దాన్ని అమ్మే ఉద్దేశం నాకు లేదు.

నా సంగతి చెబుతాను. వయసు యాభై దాటింది. రాజోలు వైపు రొయ్యల చెరువులున్నాయి. నాన్నగారి పాత బుల్లెట్‌తో మొదలుపెట్టాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ 411 సీసీ హిమాలయన్ 2016లో వచ్చినప్పుడే కొని రెండేళ్ళు తోలాను, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో వాళ్ళదే రెండు సిలిండర్ల 650 ట్విన్ రెండేళ్ళు. ఇప్పుడు ఐదేళ్ళుగా వెయ్యి సీసీ దాటిన బండి. కంపెనీ పేరు చెప్పను. చెబితే ఆ కంపెనీ అభిమానులూ పక్క కంపెనీ అభిమానులూ కింద కొట్టుకుంటారు, మీ ప్రశ్న గోదాట్లో కలిసిపోతుంది. పెట్రోలుతో కలిపి దాని బరువు 245 కేజీలు. ఇప్పటిదాకా 44 వేల కిలోమీటర్లు తిరిగాను. దాని పక్కనే ఒక 200 సీసీ హీరో ఎక్స్‌పల్స్ ఉంటుంది. ఏడాదిలో మూడొందల రోజులు గేటు దాటేది ఆ చిన్నదే.

ముందు మంచి మాటలు. ఈ బండ్ల మీద మనసు పడేవాళ్ళంతా షోకు కోసమే కొంటారని చాలామంది అనుకుంటారు. షోకు లేదని నేననను. కానీ అది మూడు నెలల్లో దిగిపోతుంది. ఆ తర్వాత కూడా బండి ఇంట్లో ఉందంటే దానికి వేరే కారణం ఉండాలి. నాకు ఆ కారణం హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చిన ఒక ప్రయాణంలో దొరికింది. పొద్దున్న ఐదింటికి ఎల్బీ నగర్ దాటాను. సూర్యాపేటలో ఇడ్లీ, విజయవాడ దాటాక ఒక టీ. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కేసరికి ఇంకా మధ్యాహ్నం భోజనం వేళ కాలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, తిని, చెరువుల మీదకి వెళ్ళిపోయాను. ఇదే దారి బుల్లెట్ మీద వచ్చినప్పుడు సాయంత్రమయ్యేది. చేతులు రెండూ తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకోవడానికి కూడా వణికేవి, మర్నాడు మంచం దిగబుద్ధయ్యేది కాదు. వేగం వల్ల వచ్చిన తేడా కాదిది. ఆరో గేరులో వంద మీద ఇంజన్ నాలుగు వేల ఆర్పీఎంకి అటూఇటూగా నిమ్మళంగా తిరుగుతుంటుంది. నడుం నిటారుగా ఉంటుంది, మోకాళ్ళు ముడుచుకోవు, ఎదురుగాలి అద్దం మీదుగా పోతుంది. ఒళ్ళు అలవదు, అంతే.

రెండోది సస్పెన్షన్. ఈ బండ్లకి చక్రం పైకీ కిందకీ ఇరవై సెంటీమీటర్ల దాకా ఆడుతుంది. మన 216 హైవే మీద గుంత కనబడితే బుల్లెట్‌వాడు బ్రేకు మీద కాలేస్తాడు, దీని మీద ఉన్నవాడు పిరుదు కాస్త లేపి పోతూనే ఉంటాడు. ఊరూరా కొలతా పాడూ లేకుండా వేసిన స్పీడ్ బ్రేకర్లున్నాయి చూశారూ, అవి ఉన్నట్టే తెలియదు. పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు చిన్న బండి ఒక అడుగు పక్కకి ఊగుతుంది. జొన్నాడ బ్రిడ్జి మీద ఈదురుగాలిలో 411 తోలినప్పుడు నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. ఈ బరువు అక్కడ మనకి చుట్టం. వానలో బ్రేకులు, వంపులో ఉన్నా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోనివ్వని ఏబీఎస్, జారే చక్రాన్ని అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా మాటల్లో మాత్రమే ఉండేవి కావు. భీమవరం రోడ్డులో చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి కదా, ఆ జిడ్డు మీద నాకు రెండుసార్లు పనికొచ్చాయి.

మూడోది ఇంటావిడ. మీకు పెళ్ళయిందన్నారు కాబట్టి చెబుతున్నా. ఎక్కేటప్పుడు మా ఆవిడ "ఇది బండా, ఏనుగంబారీయా?" అంది. ఎక్కాక రాజమండ్రి దాకా ఒక్క మాట అనలేదు. బుల్లెట్ మీద రావులపాలెం రాకముందే "కాసేపు ఆపండి" అనేది. వెనక సీటు వెడల్పుగా ఉంటుంది, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది, వెనక టాప్ బాక్సు పెడితే ఆనుకోవచ్చు. దూరప్రయాణం ఇద్దరూ కలిసి చేయాలనుకుంటే ఈ ఒక్క కారణానికే పెద్ద బండి కొనొచ్చు.

మరి ఎక్కడ తేడా కొడుతుందంటే, ఆగిన చోట.

కదులుతున్నంతసేపు ఈ బండికి బరువు లేదు. గంటకి పది కిలోమీటర్లు దాటితే సైకిలు తోలినట్టే ఉంటుంది. షోరూమ్‌వాళ్ళు టెస్ట్ రైడ్ ఇచ్చేది కూడా అలాంటి నున్నటి రోడ్డు మీదే. బరువు తెలిసేది సున్నా దగ్గర. మన డెల్టాలో బండి ఆగినన్నిసార్లు ఇంకెక్కడా ఆగదనుకుంటా. కాలవ వంతెన మీద ఎదురుగా ట్రాక్టరొస్తే ఆగాలి. కోతల రోజుల్లో రోడ్డుకి సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో గేదెలొస్తుంటాయి, ఆగాలి. లాకుల దగ్గర ఆగాలి. ఆగినప్పుడు కాలు పెట్టే చోటు సమానంగా ఉండదు. మన రోడ్లలో సగం కాలవగట్లే కదా, మధ్యలో ఎత్తు, అంచులు పల్లం. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి 850 మిల్లీమీటర్ల సీటు మీద మునివేళ్ళే ఆనతాయి. పల్లం వైపు కాలు దించారా, అక్కడ నేల ఉండదు, ఇంకో నాలుగంగుళాల కింద ఉంటుంది. ఆ నాలుగంగుళాలు వెతుక్కునేలోపు బండి పడుకుంటుంది.

నాకు అది నరసాపురం పంటు మీద, అంటే బండ్లనీ మనుషుల్నీ గోదారి దాటించే పడవ మీద జరిగింది. సఖినేటిపల్లి రేవులో ఎక్కుతున్నాను. ముందురోజు వాన. రేవు నుంచి పంటు మీదకి వేసిన ఇనపరేకు మీద ఆటోల చక్రాలు తెచ్చిన బంకమట్టి పల్చగా పరుచుకుని ఉంది. చూడటానికి తడిలాగే ఉంది, మట్టిలా లేదు. నేను సగం ఎక్కేసరికి నా ముందున్న ఆటో ఆగింది. నేనూ ఆగాను. కుడికాలు దించాను. బూటు జర్రుమని బయటికి పోయింది. బండి మెల్లగా, చాలా మెల్లగా కుడివైపుకి వంగడం మొదలుపెట్టింది. ఒక వంపు దాకా తొడతో ఆపొచ్చు. ఆ వంపు దాటాక ఆ 245 కేజీలకి మీరెవరో తెలియదు. పట్టుకోకుండా వదిలేసి పక్కకి గెంతాను, ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. బండి వెళ్ళి ఒకావిడ చేపల బుట్ట మీద పడింది. ఆవిడ నన్ను తిట్టలేదు. బండినీ నన్నూ మార్చి మార్చి చూసి, "రేవు దాటడానికి ఇంతది ఎందుకు నాయనా?" అంది.

నలుగురు పట్టి లేపారు. బుట్టకీ చేపలకీ డబ్బులిచ్చాను. బండికి బ్రేకు లివరు చివర విరిగింది, చేతి కవచం పగిలింది. రెండు వేళ్ళు పట్టేంత లివరు మిగిలింది కాబట్టి ఇంటికి చేరాను. ఆ కొత్త లివరు రావడానికి 26 రోజులు పట్టింది. సర్వీసువాళ్ళకి ఫోన్ చేసిన ప్రతిసారీ "ఆర్డర్ పెట్టాం సార్" తప్ప ఇంకో మాట లేదు. సాధారణ బండికైతే మలికిపురంలో ఏ కొట్లోనైనా రెండొందలకి దొరికే వస్తువది.

ఇక్కడ ఒక ఉపయోగపడే మాట. పడిన బండిని ఒక్కరే లేపాల్సి వస్తే వంగి చేతులతో ఎత్తొద్దు, నడుం పోతుంది. ముందు ఇంజన్ స్విచ్చి ఆపండి. కుడివైపుకి పడితే ఎడమవైపున్న సైడ్ స్టాండు ముందే బయటికి తీసిపెట్టండి, లేకపోతే లేపిన ఊపులో అటువైపు పడుతుంది. గేరులో ఉంటే మంచిది, దొర్లదు. హ్యాండిల్ నేలవైపుకి పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి పిరుదు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. ఎత్తేది కాళ్ళు, చేతులు కాదు. కొనకముందే గడ్డి మీద ఒకసారి ఇది చేసి చూడండి. మీ చేత కాకపోతే ఆ బండి మీది కాదు. నా లెక్కలో ఇది టెస్ట్ రైడ్ కన్నా ముఖ్యం.

స్టాండు అన్నాను కాబట్టి ఇంకోటి. మన ఒండ్రు నేలలో సైడ్ స్టాండు దిగబడిపోతుంది. టీ తాగి వచ్చేసరికి బండి పడుకుని ఉంటుంది. దానికోసం ప్లాస్టిక్ బిళ్ళలు అమ్ముతారు. నేనైతే కొబ్బరిడొక్క బోర్లా వేసి, కాలితో తొక్కి, దాని మీద స్టాండు వేస్తాను. కోనసీమలో దానికి కొదవేముంది.

మట్టి గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే "అడ్వెంచర్" అనే మాట చూసి మోసపోయేది అక్కడే. కంపెనీ వీడియోల్లో ఈ బండ్లు ఎగిరేది రాళ్ళ నేల మీద, గ్రావెల్ మీద. మనది బంకమట్టి. సార్వా నాట్ల రోజుల్లో పుంత దారిలోకి దిగితే యాభై అడుగుల్లో టైరు గాడులన్నీ మట్టితో పూడిపోయి చక్రం నున్నటి రోకలిలా తయారవుతుంది. ఆపైన మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య బిగుసుకుంటుంది. ఎక్స్‌పల్స్ అయితే దిగి, మొక్కజొన్న కండె పట్టుకున్నట్టు పట్టుకుని గట్టెక్కిస్తాను. పెద్దదాన్ని ఒకసారి ముమ్మిడివరం వైపు ఒక చెరువుగట్టు మీద దింపాను. తిరిగి రోడ్డెక్కించడానికి ఆరుగురు మనుషులూ ఒక మోకూ కావాల్సి వచ్చింది. టైరు ముళ్ళది వేస్తే బాగుంటుందంటారు. బాగానే ఉంటుంది, కానీ ఆ టైరు హైవే మీద త్వరగా అరుగుతుంది, తడి తారు మీద పట్టు తగ్గుతుంది. మీరు తోలేది నూటికి తొంభై తారే.

ఇసక ఇంకో రకం. ఎండాకాలంలో గోదారి తగ్గాక లంకల్లోకి ఇసక దారి పడుతుంది. అక్కడ నేను మొదటి గేరులో, రెండు కాళ్ళూ తెడ్లలా వేసుకుంటూ, హెల్మెట్‌లో చెమటతో చస్తుంటే, ఒక పిల్లాడు పాత హీరో హోండా మీద వెనక రెండు పాల క్యాన్లు కట్టుకుని నన్ను దాటిపోయాడు. కాస్త ముందుకెళ్ళి ఆగి, "అంకుల్, తొయ్యమంటారా?" అన్నాడు. సిగ్గు లేకుండా తొయ్యమన్నాను.

ఇసకలో ఒక ప్రమాదం ఉంది, తేలిగ్గా తీసుకోవద్దు. పక్కన అల్యూమినియం పెట్టెలు పెట్టుకుని ఇసకలోనో బురదలోనో కాలు దించితే, కాలు అక్కడే దిగబడి ఉండగా బండి ముందుకెళ్ళి పెట్టె వచ్చి పిక్కని వెనకనుంచి కొడుతుంది. ఎముక విరిగే దెబ్బ అది. నేల మెత్తగా ఉన్నచోట కాళ్ళు ఫుట్‌పెగ్ మీదే ఉంచాలి, పడితే పడనివ్వాలి. నేనైతే ఆ పెట్టెలు తీసేసి గుడ్డ సంచులు వేసుకున్నాను. పెట్టెలతో బండి వెడల్పు మీటరుకి దగ్గరవుతుంది. మన బోదెల పక్క రోడ్ల మీద ఆ వెడల్పు ఎందుకూ పనికిరాదు.

వరద నీళ్ళలో దింపే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, పదమూడు దాటితే రెండోది, పదిహేడు దాటితే మూడోది. మొదటిదానికి ముందే కొన్ని లంక కాజ్‌వేలు మునుగుతాయి. నిలవ నీళ్ళలో చక్రం ఇరుసు దాకా పర్వాలేదు. పారే నీళ్ళు మోకాలి లోతే ఉన్నా సరే దిగొద్దు, పెద్ద బండికి నీరు తోసే మేర కూడా పెద్దదే.

మన ఉక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో అమలాపురం గడియారస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు చిక్కుకుంటే రేడియేటర్ ఫ్యాను వదిలే గాలి నేరుగా మోకాళ్ళ కింద తగులుతుంది. పొయ్యి ముందు కూర్చున్నట్టుంటుంది. పైన జాకెట్టు, గ్లోవ్సు, బూట్లు. వెయ్యి సీసీ పైన ఉన్నవన్నీ ఇంచుమించు ఇంతే. ఊళ్ళో మైలేజీ పదిహేను, హైవే మీద ఇరవై.

ఇప్పుడు కాస్త పాత కథ, ఎందుకంటే నా అభిప్రాయం అందులోంచే వచ్చింది. ఈ జాతి బండ్లకి మూలపురుషుడు 1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్. జీ/ఎస్ అంటే జర్మన్‌లో మట్టిదారీ తారుదారీ అని. దాదాపు 800 సీసీ, 50 హార్స్‌పవర్. 1981లో హ్యూబర్ట్ ఆరియోల్ దాని మీద, అప్పట్లో సహారా ఎడారి మీదుగా సాగిన పారిస్-డకార్ ర్యాలీ గెలిచాడు. జనం "దీంతో ఎడారి కూడా దాటొచ్చు" అని నమ్మింది అప్పటినుంచే. ఆ బండి బరువు పెట్రోలుతో కలిపి 186 కేజీలు. మన 450 సీసీ హిమాలయన్ 196 కేజీలు. అంటే ఎడారులు దాటిన ఆ "పెద్ద బండి" ఇవాళ్టి మన "చిన్న బండి" కన్నా తేలిక. దాని వారసుడు ఆర్ 1300 జీఎస్ 145 హార్స్‌పవర్, 237 కేజీలు. నలభై ఏళ్ళలో శక్తి మూడింతలయింది, బరువు యాభై కేజీలు పెరిగింది. హైవే మీద అది లాభం, పుంతలో నష్టం. కంపెనీలకీ ఇది తెలుసు. బండి ఆగేటప్పుడు సీటు దానంతటదే కిందకి దిగే ఏర్పాటు హార్లీ వాళ్ళు 2021లో ప్యాన్ అమెరికా అనే బండిలో పెట్టారు. బీఎండబ్ల్యూ వాళ్ళు 1300లో కూడా ఇస్తున్నారు, సీటు 850 నుంచి 820కి దిగుతుంది. మీ ఎత్తుకి అది నిజంగా పనికొచ్చే వస్తువే, కానీ మన గట్టు పల్లానికి మూడు సెంటీమీటర్లు ఏమూలకి?

ఇక లడఖ్ లెక్క. అమలాపురం నుంచి లేహ్‌కి ఒకవైపే దాదాపు మూడు వేల కిలోమీటర్లు. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, చండీగఢ్. ఇందులో రెండు వేల పైచిలుకు తిన్నటి హైవే. అక్కడ పెద్ద బండికి సాటి లేదు. చివరి ఆరేడొందల కిలోమీటర్లలో కథ తిరగబడుతుంది. నీటి పారకాలు, విరిగిన రాళ్ళు, దుమ్ము, సైన్యం లారీలకి దారివ్వడం. అక్కడ 200 కేజీల బండి ఉన్నవాడు టీ కొట్టు దగ్గర నవ్వుతూ ఉంటాడు. ఖర్దుంగ్ లా 17,582 అడుగులు. ఆ ఎత్తులో గాలి మన సముద్రమట్టంతో పోలిస్తే సగమే. 40 హార్స్‌పవర్ బండి అక్కడ ఇరవై చిల్లరకి పడిపోతుంది, ఇద్దరెక్కితే మొదటి గేరే గతి. పెద్ద బండికి సగం పోయినా ఇంకా మిగులుంటుంది. మీరు ఒక్కరే వెళ్తే చిన్నది, ఇద్దరు సామానుతో వెళ్తే పెద్దది అని నేను తేల్చుకున్నాను.

ఇంకో దారి కూడా ఉంది. బండిని రాజమండ్రి స్టేషన్లో పార్సిల్ కట్టి ఢిల్లీకి పంపించేసి అక్కడినుంచి తోలొచ్చు. పెట్రోలు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, గోనె చుట్టించాలి, ఆర్సీ నకలు ఇవ్వాలి. నేను 411ని అలాగే పంపాను. అప్పుడు ఆ రెండు వేల కిలోమీటర్ల హైవే కోసం పెద్ద బండి కావాలన్న వాదన ఉండదు.

హైవే అన్నాను కానీ, అన్ని హైవేలూ మనవి కావు. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలో 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలకి అనుమతి లేదు. ఢిల్లీ-ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే కూడా అంతే. ఇరవై లక్షల బండి అయినా వేరే దారిలో మోపెడ్ వెనక పోవాల్సిందే. టోలు లేదన్నదొక్కటే ఊరట.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. 350 సీసీ దాటిన బండ్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ 40 శాతం. ఆర్ 1300 జీఎస్ 2024లో మన దేశానికి వచ్చినప్పుడే ఎక్స్ షోరూమ్ 20.95 లక్షలు. దాని మీద లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు. మీ పదిహేను లక్షలు రోడ్డు మీదకి వచ్చేసరికి పెద్దది అందదు, మధ్య రకం బండి అందుతుంది. తర్వాత వచ్చే ఖర్చులే అసలైనవి. టైర్ల జత నాకు ముప్పై వేలు దాటింది, పది పన్నెండు వేల కిలోమీటర్లకి వెనకది అయిపోతుంది. నా బండికి సర్వీసు అంటే హైదరాబాదే, వెళ్ళిరావడమే తొమ్మిదొందల కిలోమీటర్ల దాకా. సర్వీసు చేయించడానికి వెళ్ళి వచ్చేసరికి తర్వాతి సర్వీసుకి పదో వంతు తిరిగేసినట్టే. కొనే ముందు మీరు చూస్తున్న కంపెనీకి విజయవాడలో గానీ వైజాగ్‌లో గానీ సర్వీసు ఉందో లేదో ఫోన్ చేసి కాదు, వెళ్ళి చూడండి. లోపల లిఫ్ట్ మీద మీ మోడల్ ఒకటి ఉండాలి, మెకానిక్ దాని మీద పని చేస్తూ కనబడాలి.

పంక్చర్ గురించి అడగలేదు గానీ చెప్పాలి. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్టూ, చిన్న ఎయిర్ పంపూ సీటు కింద పెట్టుకోండి, పది నిమిషాల పని. ట్యూబు ఉన్న పుల్లల చక్రం అయితే రాత్రిపూట చించినాడ బ్రిడ్జి దాటాక ఏ దిక్కూ ఉండదు. వెనక చక్రం విప్పాలంటే బండిని నిలబెట్టే సెంటర్ స్టాండు కావాలి, చాలా బండ్లకి అది వేరేగా కొనాలి. కొనండి.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానంటే, ఈ ఏడాది 450 హిమాలయనో కేటీఎం 390 అడ్వెంచరో కొని ఒక లడఖ్ వెళ్ళొస్తాను. హిమాలయన్‌కి మన దగ్గరే సర్వీసు దొరుకుతుంది, సీటు 825, అత్తారింటికీ చెరువుకీ కూడా అదే వెళ్తుంది. వచ్చాక ఇంకా మనసు పీకుతుంటే, ముఖ్యంగా మీ ఆవిడ కూడా వస్తానంటే, అప్పుడు మధ్యస్థంగా ఉన్నది చూడండి. సుజుకి వీ-స్ట్రోమ్ 800డీఈ లాంటివి పది లక్షల పైన మొదలవుతాయి. 776 సీసీ, 230 కేజీలు. మీకు సీటు ఎత్తే అడ్డం, 855. వెయ్యి పైవి మాత్రం ఇంట్లో రెండో బండి ఉంటేనే. ఒక్క బండిగా పెద్దది కొన్నవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఏడాదిలోపు అమ్మేశారు. మూడోవాడు స్కూటర్ కొనుక్కున్నాడు.

ఆ అమ్మేసినవాళ్ళ బండ్లే మీకు సెకండ్ హ్యాండ్‌లో తగులుతాయి, అది కూడా చెప్పేస్తాను. మీటరు తక్కువ తిరిగిందని మురిసిపోవద్దు. ఆరు వేలే తిరిగి మూడేళ్ళు షెడ్డులో ఉన్న బండికి టైర్లు రాయిలా అయిపోయి ఉంటాయి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉన్నదైతే పుల్లల మొదళ్ళు, ఎగ్జాస్టు బోల్టులు, రేడియేటర్ రెక్కలు చూడండి, తెల్లటి పొడి కనబడుతుంది. అంతర్వేది బీచిలో నీళ్ళ అంచున ఫోటో దిగని అడ్వెంచర్ బండి ఈ చుట్టుపక్కల లేదు. దిగినరోజే మంచినీళ్ళతో కడిగారా అని అడగండి, సమాధానం కన్నా మొహం చూడండి. లివర్ల చివర్లు, హ్యాండిల్ చివర్లు, పెగ్గుల అంచులు రాసుకుని ఉంటే పడిందని అర్థం. ఆగినచోట పడిందైతే దానికేం భయపడక్కర్లేదు, నాదీ నాలుగుసార్లు పడింది. హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడైనా గంటు తగిలితే మాత్రం వద్దు.

ఎత్తు విషయంలో ఇంకా అనుమానం ఉంటే ఒక ఆదివారం రాజోలు రండి. ఎండెక్కకముందు, బూట్లు వేసుకుని. కొబ్బరితోటలో గడ్డి ఉంది, బండిని పడుకోబెడతాను, మీరు లేపండి.